సింధియాలో కట్టిన సరయూ ఏమైంది?

ప్రశ్న: సార్, మా నాన్నగారు విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఐఎన్ఎస్ సరయూ ఓడకి పనిచేశానని ఎప్పుడూ చెప్తుంటారు. అది తర్వాత మన నేవీలో లేకుండా పోయిందట, తుక్కు కింద అమ్మేశారేమో అని ఆయనకి బెంగ. 2013లో సరయూ అని ఇంకో ఓడ వచ్చింది కదా, అదీ ఇదీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు నాన్నగారికి చెప్పండి, ఆయన ఓడ తుక్కు కాలేదండీ. అది సుకన్య క్లాస్ గస్తీ ఓడ, క్లాస్ అంటే ఒకే డిజైన్‌లో కట్టిన ఓడల గుంపు, ఆ క్లాసులో మొత్తం ఏడు, సుకన్య, సుభద్ర, సువర్ణ కొరియా నుంచి వచ్చాయి, మిగతా నాలుగూ అంటే సావిత్రి, శారద, సరయూ, సుజాత విశాఖలో మన సింధియా దగ్గరి హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టినవే. సరయూ 1991లో నేవీలో చేరింది, 2000 డిసెంబర్లో శ్రీలంక నేవీకి వెళ్ళిపోయింది. అక్కడ పెట్టిన పేరు సయుర, సింహళంలో సముద్రం అని అర్థం. ఒక్క అక్షరం అటూఇటూ అయింది అంతే!

చెప్పాలంటే దాని పెద్ద పని అంతా అక్కడే జరిగింది. అప్పట్లో శ్రీలంక నేవీ బలమంతా చిన్న స్పీడ్ బోట్లే, అవి తీరం దాటి ఎక్కువ దూరం పోలేవు, అక్కడి తమిళ తిరుగుబాటు సంస్థ ఎల్టీటీఈకి ఆయుధాలు తెచ్చే ఓడలేమో నడిసముద్రంలో ఆగి ఉండేవి. సయుర ఒకసారి డీజిల్ నింపుకుంటే వేల మైళ్ళు తిరిగి రాగలదు, 101 మీటర్ల ఓడ, వెనకాల హెలికాప్టర్ డెక్ కూడా ఉంది. 2007 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అలాంటి ఓడల్ని తీరానికి వందల మైళ్ళ అవతల ముంచిన ఆపరేషన్లలో ఇది ఉంది.

ఇన్నేళ్ళు ఎలా ఆగిందీ అంటే, వీటికి మిసైళ్ళు గట్రా పెద్దగా ఉండవు, డీజిల్ ఇంజిన్లు, గట్టి అడుగు భాగం. రిపేరుకని నీళ్ళు తోడేసిన డ్రైడాక్‌లోకి ఎక్కించినప్పుడు అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకేసి, ప్లేటు మీద జెల్ రాసి చిన్న ప్రోబ్ ఆనిస్తే ఇనుము ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో మీటర్లో కనపడుతుంది, బాగా అరిగిన చోట చాక్‌పీస్‌తో గీసి ఆ ముక్క కోసేసి కొత్త ప్లేటు వేసి వెల్డింగ్ చేస్తారు. ఈ సంగతి నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. దీని తోబుట్టువు శారద కూడా 2024 జనవరి 31న సోమాలియా వైపు దొంగల చేతికి చిక్కిన ఇరాన్ చేపల పడవని విడిపించింది, అందులో 19 మంది ఉన్నారు. అదీ విశాఖలో పుట్టిందే!

2013 సరయూ వేరే, గోవాలో కట్టారు, పాత పేరే మళ్ళీ పెట్టారు. ఆ కొత్త క్లాసులోదే సుమిత్ర.

ఇక అసలు మాట. 2024 డిసెంబర్ 17 నుంచి 20 దాకా భారత్-శ్రీలంక నేవీల విన్యాసాలు విశాఖలోనే జరిగాయి, మన తరఫున సుమిత్ర వచ్చింది, వాళ్ళ తరఫున వచ్చింది ఏదనుకున్నారు, సయురే! 33 ఏళ్ళ వయసులో విశాఖ హార్బర్ పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి పుట్టింటికి వచ్చింది. అప్పుడు నాన్నగారికి తెలిసుంటే ఎంత బాగుండేదో అని రాస్తుంటేనే అనిపిస్తోంది. ఆయన ఆ ఓడలో ఏ భాగం మీద పనిచేశారో అడిగి ఈసారి తప్పకుండా రాయండి.