60 గజాల్లో రో హౌస్ అంటే ముందు మెట్లు గీయండి

ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరంలో 15 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు ప్లాట్‌లో రో హౌస్ (పక్క గోడలు ఆనుకుని వరసగా ఉండే ఇల్లు) డిజైన్ ఇచ్చారనీ, కాన్సెప్ట్ దొరక్క టెన్షన్‌గా ఉందనీ, ఏం చేయాలనీ మీరు అడిగారు. ఆ కాన్సెప్ట్ గోల పక్కన పెట్టండి. 60 గజాల ఇంటికి కాన్సెప్ట్ ఉండదు, మెట్లుంటాయి. మెట్లు కుదిరితే ఇల్లు కుదిరినట్టే.

నేను చదువుకునే రోజుల్లో కేస్ స్టడీకని హైదరాబాద్‌లో ఒక పాత రో హౌస్ కాలనీకి వెళ్లాను. అప్పుడే ఒకరింటికి కొత్త బీరువా వచ్చింది. మెట్ల మలుపులో ల్యాండింగ్ (మెట్ల మధ్య చదునైన చోటు) రెండున్నర అడుగులే. నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, తిరగలేదు. చివరికి బాల్కనీ రెయిలింగ్ ఊడదీసి, బీరువాకి దుప్పట్లు చుట్టి, తాళ్లతో వీధిలోంచి పైకి లాగారు. లాగేవాళ్లు ముగ్గురు, సలహాలిచ్చేవాళ్లు వీధంతా. ఆ ఇంటి ఆంటీ నా చేతిలో టేపు చూసి, "ఇల్లు కట్టకముందు రావాల్సింది బాబూ. ఈ ప్లాన్ గీసినాయన ఇంట్లో బీరువా లేదేమో!" అన్నారు. ఐదేళ్ల చదువులో ఇంతకంటే మంచి కామెంట్ మా డిజైన్లు చూసి మార్కులేసే జ్యూరీ నుంచి కూడా నేను వినలేదు.

ఇక లెక్క చూడండి. 10 అడుగుల ఎత్తుకి 7 అంగుళాల రైజర్ (ఒక్కో మెట్టు ఎత్తు) వేస్తే దాదాపు 17 రైజర్లు. రెండు ఫ్లైట్లుగా (మెట్ల వరసలుగా) విరిస్తే ఒక్కోదానికి 10 అంగుళాల ట్రెడ్లు (అడుగు పెట్టే చోట్లు) 8కి మించవు, అటూ ఇటూ 3 అడుగుల ల్యాండింగులు. మొత్తం 12 అడుగుల 8 అంగుళాలు. 9 అంగుళాల గోడలు పోను మీకు లోపల మిగిలేది పదమూడున్నర. అంటే మెట్లని అడ్డంగా, ఇంటి నడుమ పెట్టొచ్చు. ముందొక గది, వెనకొక గది, ల్యాండింగే రెండింటికీ దారి. వేరే కారిడార్ దండగ.

ఇంకో లాభం, పక్క గోడలు రెండూ మూసుకుపోయిన ఇంట్లో నడుమ భాగానికి వెలుతురూ గాలీ పైనుంచే రావాలి, ఆ దారి ఈ మెట్ల గదే. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో కట్టిన ట్యూబ్ హౌస్ సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు గీసిన బొమ్మ) తీసి చూడండి. వేడిగాలి ఏటవాలు కప్పు వెంబడి పైకెక్కి నెత్తిన ఉన్న సందులోంచి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది. 1995లో దాన్ని కూల్చేశారు, అదో పాపం. మనవాళ్లు మెట్ల మీద పాలీకార్బొనేట్ షీటు పరిచి స్కైలైట్ అంటారు. మే నెలలో దాని కింద ఒక్క నిమిషం నిలబడండి, తెలుస్తుంది. షీటు వద్దు, మెట్ల గది గోడలకి పైన జాలీ (గాలి ఆడే చిల్లుల గోడ) పెట్టండి.

రెండర్లలో (కంప్యూటర్‌లో చేసే ఇంటి బొమ్మల్లో) బోగన్‌విలియా వేలాడదీసే సమయం ఈ మెట్ల లెక్కకి పెట్టండి.

అసలు ఈ ఇళ్లు ఆర్కిటెక్టుల దాకా రానే రావు. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ (ఇంటి పర్మిషన్ల) చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాట్‌లో 7 మీటర్ల ఎత్తు దాకా ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఇక ఆర్కిటెక్ట్‌ని పిలిచేదెవరు? గీసేది మేస్త్రీయే. మీ కాలేజీ చుట్టుపక్కల ఎక్కడైనా సెంట్రింగ్ కొడుతుంటే వెళ్లి ఆయన్ని అడగండి, సుద్దముక్కతో గోడ మీదే మెట్లు గీసి చూపిస్తాడు. టీ ఖర్చు మాత్రం మీదే.