‘రన్‌అవే’ పాట మధ్యలో వినిపించేది ఏ వాయిద్యం?

డెల్ షానన్ 1961లో పాడిన ‘రన్‌అవే’ పాటలో, గొంతు ఆగగానే సన్నగా కీచుమంటూ దూసుకొచ్చే ఆ వాయిద్యం ఏమిటి, ఇలాంటివాటిని చెవితో ఎలా పోల్చుకోవాలి అని అడిగారు.

పేరు ముందే చెప్పేస్తాను. అది మ్యూజిట్రాన్. వాయించినవాడు మాక్స్ క్రూక్. అప్పట్లో బజార్లో దొరికే క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డును తీసుకుని, దానికి తన సొంత హంగులు జోడించి ఆ పేరు పెట్టుకున్నాడు. అయితే క్లావియోలిన్ మీకు కొత్తదేమీ కాదు. పెళ్ళి ఊరేగింపులో కుర్రాళ్ళు జేబురుమాలు పళ్ళ మధ్య పెట్టుకుని పాములా మెలికలు తిరుగుతారు చూడండి, ఆ బాణీ పుట్టింది దాని మీదే. 1954లో వచ్చిన హిందీ ‘నాగిన్’ సినిమాకి హేమంత్ కుమార్ సంగీతం. అందులో పాములబూరలా వినిపించేది కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్. తర్వాత ఆనంద్‌జీతో కలిసి అంత పేరు తెచ్చుకున్న కల్యాణ్‌జీయే ఆయన.

అది నాగస్వరం కాదని నాకు మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పదో తరగతిలో ఉండగా, నాగుల చవితి ముందురోజు పాములాడించే పెద్దాయన మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. లోపల నాన్నగారు పెట్టిన క్యాసెట్లో ఆ ‘నాగిన్’ పాట మొదలైంది. “తాతా, నీ నాగసరమే!” అన్నాను సంబరంగా. ఆయన చెంబు పక్కన పెట్టి, తల వంచి, పాట అయిపోయేదాకా విన్నాడు.

“ఇది నాగసరం కాదు బాబూ” అన్నాడు.

ఎలా చెప్పగలవని అడిగితే తన బూర తీసి నా చేతిలో పెట్టాడు. పొగకి నల్లబడ్డ సొరబుర్ర, దాని కింద మైనంతో అతికించిన రెండు గొట్టాలు. మైనం మీద ఆయన బొటనవేలి ముద్రలు ఇంకా కనిపిస్తున్నాయి. “ఈ గొట్టం పాట పలుకుద్ది. పక్కది శ్రుతి మోగతానే ఉండాలి. నీ పాటలో ఆ రెండోది ఏదీ? ఇంకోటి చూడు, నేను ముక్కుతో గాలి తీసుకుంటా బుగ్గల్లోంచి ఊదతానే ఉంటా. బూర మధ్యలో ఆగదు. అదేమో ఆగాగి పలుకుతోంది. ఊపిరున్న మనిషి ఊదింది కాదది” అన్నాడు. తర్వాత ఆ బాణీనే తన బూర మీద ఎత్తుకున్నాడు. కింద శ్రుతి కదలకుండా మోగుతుంటే పాట దాని మీద పాకుతూ వెళ్ళింది. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఆ ఒక్క నిమిషం చాలింది.

కల్యాణ్‌జీ పేరు మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించడం మొదలుపెట్టాకే తెలిసింది. నా బాధంతా అక్కడే. క్యాసెట్ అట్ట మీద హీరో, హీరోయిన్, గాయకులు, కంపెనీ అన్నీ ఉండేవి. వాయించినవాళ్ళ పేర్లుండేవి కావు. ఇప్పుడు ఫోన్లో యాప్ పాట పేరు రెండు సెకన్లలో చెబుతుంది, ఆ వాయిద్యం ఎవరి చేతిలో పలికిందో చెప్పదు. ఒక తరం మొత్తం విన్న బాణీ అది, వాయించినాయన పేరు ఎంతమందికి తెలుసు?

తెలిసినట్టు తప్పు రాసేవాళ్ళ వల్ల ఇంకో నష్టం. బీచ్ బాయ్స్ 1966 నాటి ‘గుడ్ వైబ్రేషన్స్’లో ఈల వేసినట్టు సాగే మోత థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యానిదని ఎక్కడ చూసినా రాసేస్తారు. కాదు. థెరమిన్‌ని ముట్టుకోకుండా, గాలిలో చేతులు కదిలిస్తూ వాయిస్తారు. ఆ పాటలో పాల్ టానర్ వాయించింది ఎలక్ట్రో థెరమిన్. అందులో స్వరాల గుర్తుల వెంట ఒక మీటను జరుపుతారు. టానర్ అసలు ట్రాంబోన్ కళాకారుడు, గొట్టం జరిపి స్వరం పట్టడం ఆయనకి అలవాటైన విద్య. అందుకే ఆ జారుడు అంత నికార్సుగా, అనుకున్న స్వరం మీదే వచ్చి ఆగుతుంది.

ఇక చెవితో పోల్చుకోవడం. నా లెక్కలో స్వరం మొదలు, చివర వింటే చాలు, మధ్య భాగం మోసం చేస్తుంది. మీటిన తీగ గట్టిగా మొదలై సన్నగిల్లుతుంది. బీటిల్స్ 1967 నాటి ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’లో జలజలా రాలే తీగలు అలాంటివే. అది మన స్వరమండల్, 1968లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూసిన హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ ఒళ్ళో పెట్టుకుని పాడేవారే, అదే. ఊదే వాయిద్యానికి మొదట్లో గాలి చప్పుడుంటుంది. క్లావియోలిన్‌కి ఈ రెండూ ఉండవు. మీట నొక్కగానే స్వరం నిండుగా వస్తుంది, వేలు తీయగానే తెగిపోతుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. హెచ్చుతగ్గులు మోకాలితో నెట్టే మీటతో ఇస్తారు. బీటిల్స్‌దే అదే ఏడాది వచ్చిన ‘బేబీ యు ఆర్ ఎ రిచ్ మ్యాన్’లో జాన్ లెనన్ వాయించిందీ క్లావియోలినే. అది షెహనాయి అని నాతో గట్టిగా వాదించినవాళ్ళున్నారు. స్వరం మొదట్లో గాలి చప్పుడు ఎక్కడుందో చూపించమని అడిగాను, ఎవరూ చూపించలేకపోయారు.

మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ‘నాగిన్’ బాణీ, వెంటనే ‘రన్‌అవే’ మధ్య భాగం వినండి. స్వరం తెగే చోటు పట్టుకోండి. రెండూ ఒకే ఇంటివని మీకే తెలిసిపోతుంది.