వయసు మీద పాట కడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో మీ బ్యాండు మొదలై ఇరవై ఏళ్ళు నిండుతున్నందున వయసు పైబడటం మీద గబగబా అరిచి పాడే పంక్ రాక్ పాట ఒకటి కట్టాలనుకున్నారనీ, ఎన్నిసార్లు రాసినా అది నీతిబోధలా తయారవుతోందనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. పంపిన రికార్డింగు రెండుసార్లు విన్నాను. పెళ్ళిళ్ళలోనూ దసరా పందిళ్ళలోనూ ముప్ఫై ఏళ్ళు ఆర్కెస్ట్రా గిటారు వాయించి, ఇప్పుడు అరవై ఎనిమిదో ఏట ఉన్నవాడిగా నాకు తోచింది చెబుతాను.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మీరు లయను తగ్గించడం. సంగతి వయసు గురించి కాబట్టి పాట కూడా నెమ్మదిగా నడవాలని అనుకున్నట్టున్నారు. దానివల్ల అయిదు నిమిషాల నిట్టూర్పు మిగిలింది. అమెరికా పంక్ బ్యాండు రామోన్స్ 1976లో తెచ్చిన తొలి ఆల్బంలో పద్నాలుగు పాటలున్నా మొత్తం నిడివి అరగంట దాటదు. చెప్పవలసింది గబగబా చెప్పి దిగిపోవడంలోనే ఆ సంగీతానికి ప్రాణం ఉంది. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళు చూపించడానికి తీసుకువెళ్ళాను, గుర్తుందా? గుండెకు రేకు తప్పెట కట్టుకున్న పెద్దవాళ్ళు ఎగిరే ఎత్తు తగ్గించుకున్నారు గాని, దరువును మాత్రం కుర్రవాళ్ళతో సమానంగా నడిపించారు. మీ పాటకు కూడా పాత దరువే ఉండాలి. ఆ వేగాన్ని అందుకోవడానికి మీ ఒళ్ళు పడే అవస్థ వినేవాడికి తెలిస్తే, వయసు గురించి సగం చెప్పినట్టే.

లయకు బదులు శ్రుతిని దించండి. వయసు పెరిగేకొద్దీ స్వరతంత్రుల సాగే గుణం తగ్గుతుంది, వాటిలోని కండరం పలచబడుతుంది, ఒక ఊపిరిలో పట్టే మాటలూ తగ్గుతాయి. ఇరవై ఏళ్ళ కిందట ఇ శ్రుతిలో అరిచిన పల్లవిని ఈనాడు దానికి కిందిదైన డి శ్రుతిలో పాడటం తప్పు కాదు. ఆరు తీగలనూ అదే కొలతలో దించుకుంటే నీ వేళ్ళు పాత చోట్లనే ఉంటాయి. రామోన్స్ గిటారిస్టు జానీలాగా తీగలను కిందికి మాత్రమే మీటడం మణికట్టుకు భారం. అందుచేత చరణాల్లో పైకీ కిందికీ మీటి, ఆ బలాన్ని పల్లవికి దాచుకో.

ఇక మాటల సంగతి. కాలిఫోర్నియాకు చెందిన డిసెండెంట్స్ బ్యాండు ‘నాకు పెద్దవాణ్ణి కావాలని లేదు’ అనే అర్థం వచ్చే పేరుతో 1985లో ఒక ఆల్బం తెచ్చింది. 1996 నాటి ఆల్బంలో అదే బ్యాండు, ముసలితనం వచ్చినప్పుడు నేనెలా ఉంటానని తనను తాను ప్రశ్నించుకునే పాట పాడింది. గాయకుడు మైలో ఆకర్‌మన్‌కు అప్పటికి ముప్ఫై మూడేళ్ళు. ఆ వయసువాడు అలా ముందుకు చూసి అడగటం సహజం గనుకనే ఆ పాట నాకు ఇష్టం. మీకు మాత్రం నలభై దాటాయి. మీరింకా అడుగుతూ కూర్చుంటే నమ్మబుద్ధి కాదు. ఏం జరిగిందో మీరే చెప్పాలి.

చెప్పేటప్పుడు ‘జీవన సంధ్య’, ‘కాలచక్రం’ వంటి మాటలు పూర్తిగా తీసెయ్యి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం నోట ఉన్న భాషనే రాయాలని ఆయన ఎంత పోరాడారో నీకు తెలుసు. ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడే మీ నలుగురి నోట సహజంగా వచ్చే మాట ఏదైనా సరే, అది పాటలో పడితే ఉండనివ్వు. మీ డ్రమ్మరు సాధన మధ్యలో పుల్లలు పక్కన పెట్టి బీపీ మాత్ర మింగుతాడని ఉత్తరంలో రాశావు. నీ చరణాలన్నిటికంటే ఆ ఒక్క వాక్యం మేలు. దాన్నే మొదటి చరణానికి ఎత్తుగడగా పెట్టు.

నావైపు నుంచి కూడా ఒకటి ఇస్తాను. ఒకప్పుడు ఒక ఊరి పందిట్లో నిర్వాహకులు చోటు లేదని నన్ను స్పీకరు పెట్టెకు ఆనించి నిలబెట్టారు, తెల్లవారేదాకా అక్కడే వాయించాను. ఆనాటి నుంచి ఎడమ చెవిలో హోరు ఆగలేదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిన క్షణంలో అది సన్నని ఈలలాగా పైకి వస్తుంది, మీ అత్తయ్య పక్కనుండి పిలిచినా రెండోసారికి గాని వినబడదు. కావాలంటే దాన్ని పాటలో వాడుకో, కాని నువ్వు తెచ్చుకోకు. ఎనభై అయిదు డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోగల చెవికి నూరు డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే గడువు. మీ సాధన గది చప్పుడు అంతకు తక్కువ ఉండదు. నలుగురూ చెవి బిరడాలు కొనుక్కోండి.

పాటను రెండున్నర నిమిషాలకు కుదించాక ఒక ఆదివారం నౌపడాలో గుణుపురం బండి ఎక్కి రా. నీ గిటారు నువ్వే తెచ్చుకో, నాదాని మూడో తీగ తెగి ఉంది.

ఇట్లు,
మీ మావయ్య