పాత షీటు నంబరుకు కొత్త నంబరు ఏది?

ప్రశ్న: బ్రిటన్‌కు చెందిన ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ 1950లలో ముద్రించిన, మైలుకు ఒక అంగుళం చొప్పున గీసిన ఏడవ శ్రేణి పటాలు కొన్ని నా సేకరణలో ఉన్నాయి. వాటికి సరిపోయే, అదే సంస్థ 1:50,000 స్కేలులో వెలువరించే నేటి ల్యాండ్‌రేంజర్ షీట్లు తెప్పించుకోవాలని ఉంది. పాత నంబరుకు 14 కలిపితే చాలునని ఒక మిత్రుడు చెప్పారు. ఈ లెక్క నిజమేనా?

జవాబు: ఒక్క మూలన నిజం, మిగతా చోట్ల కాదు. ఏడవ శ్రేణి 190వ షీటుతోనూ, ల్యాండ్‌రేంజర్ 204వ షీటుతోనూ ముగుస్తాయి. రెండింటి చివరి షీటూ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని ట్రూరో ప్రాంతానిదే కనుక అక్కడ తేడా సరిగ్గా 14 వస్తుంది. మీ మిత్రులు ఆ మూలనే చూసి ఉంటారు. వేల్స్‌లోని స్నోడన్ పర్వతం 107 నుంచి 115కు మారింది, అంటే తేడా 8. ఆక్స్‌ఫర్డ్ 158 నుంచి 164కు మారితే తేడా 6 మాత్రమే; కేంబ్రిడ్జ్ 135 నుంచి 154కు వెళ్లడంతో అది 19 అయింది.

రెండు శ్రేణులూ ఉత్తరాన షెట్లాండ్ దీవులతో మొదలై, వరుస తరువాత వరుసగా దక్షిణానికి దిగుతాయి. అయితే పాత షీట్లలో అధిక భాగం 40 కిలోమీటర్ల వెడల్పు, 45 కిలోమీటర్ల ఎత్తు ఉన్న ప్రాంతాన్ని చూపగా, 1974లో దక్షిణ భాగానికీ 1976లో ఉత్తర భాగానికీ వెలువడిన 1:50,000 స్కేలు షీట్లు 40 కిలోమీటర్ల చదరాలు. ఎత్తు తగ్గగానే వరుసల సరిహద్దులన్నీ జరిగిపోయాయి. పైగా పక్కపక్క షీట్లు చాలాచోట్ల ఒకదానిపైకి ఒకటి వస్తాయి. అందువల్ల ఒక పాత షీటుకు ఒకే కొత్త షీటు జోడుగా ఉంటుందన్న ఊహనే వదులుకోవాలి. ఒకప్పుడు లండన్ 160, 161, 170, 171 అనే నాలుగు షీట్ల మధ్య చీలి ఉండేది. ఇప్పుడు ప్రధానంగా పడమటి 176, తూర్పు 177 షీట్లలో ఉంది. పాత 170లో కనిపించే డార్కింగ్ పట్టణం మాత్రం 187కు చేరింది.

కనుక నంబరును పక్కనబెట్టి స్థలాన్ని పట్టుకోండి. ఏడవ శ్రేణి పటాలపై కిలోమీటరు గడులతో జాతీయ గ్రిడ్, అంటే బ్రిటన్ అంతటినీ చదరాలుగా విభజించే గీతల వల, ముద్రించి ఉంటుంది, నేటి పటాలదీ అదే గ్రిడ్. మీకు కావలసిన చోటి గ్రిడ్ సంకేతాన్ని, ఉదాహరణకు స్నోడన్ శిఖరానికి ఎస్‌హెచ్ 609 543 అని (ఎస్‌హెచ్ అనేది గ్రిడ్‌లోని ఒక పెద్ద చదరం పేరు) రాసుకుని, ల్యాండ్‌రేంజర్ సూచిక పటంలో అది ఏ షీటులో పడుతుందో చూస్తే సరిపోతుంది. ఏడవ శ్రేణికి ముందరి, 1945 నుంచి వచ్చిన న్యూ పాపులర్ అనే ఒక అంగుళం పటాలు మీ వద్ద ఉంటే అక్షరాలకు బదులు అంకెలు కనిపించవచ్చు. ఎస్‌హెచ్ చదరమే అక్కడ 23. అవి ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాలకు 64 నుంచి 190 వరకు నంబర్లు వాడాయి.

ఇంకా వెనక్కి, 1920ల నాటి పాపులర్ ఎడిషన్ అనే ఒక అంగుళం శ్రేణికి వెళితే జాతీయ గ్రిడ్ ఉండదు. పైగా ఇంగ్లండ్-వేల్స్‌కు 146, స్కాట్లండ్‌కు 92 షీట్లు వేర్వేరు వరుసలుగా ఉన్నందున, శ్రేణి పేరు చెప్పకుండా ‘50వ షీటు’ అంటే ఏ ప్రాంతమో తెలియదు. ఇటువంటి వాటిలో ఒక చర్చినో నది మలుపునో గుర్తుగా తీసుకుని కొత్త పటంలో వెతకవలసిందే.

1:25,000 స్కేలు ఎక్స్‌ప్లోరర్ పటాలు కూడా కొనదలచుకుంటే మరొక జాగ్రత్త అవసరం. వాటి వరుస తలకిందులు: నైరుతిలోని సిల్లీ దీవులకు 101 ఇచ్చి, షెట్లాండ్ ఉత్తర కొసకు 470తో ముగించారు. రాళ్ల పొరలను చూపే భూగర్భ శాస్త్ర పటాల సంగతి మరీ వింత. ఇంగ్లండ్, వేల్స్‌లలో అవి నేటికీ పందొమ్మిదవ శతాబ్దపు 360 షీట్ల నంబర్లనే అనుసరిస్తున్నాయి. కాబట్టి పటాల దుకాణానికి రాసేటప్పుడు శ్రేణి పేరు, స్కేలు, షీటు నంబరు, వీలైతే షీటు శీర్షిక, నాలుగూ కలిపి పేర్కొనండి.