యూఏ 13+ సినిమాకు ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి తీసుకెళ్లవచ్చా?

యూఏ 13+ సినిమాకు మీ ఎనిమిదేళ్ల బాబును తీసుకెళ్తే హాలువాళ్లు ఆపుతారా, అసలు ఆ అంకె ఎవరు వేస్తారు అని అడిగారు.

ఆపరు. యూఏ పక్కన 7+, 13+, 16+ వీటిలో ఏది ఉన్నా అది తల్లిదండ్రులకు ఇచ్చే సూచన మాత్రమే. ఆ వయసు నిండని పిల్లలకు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. గేటు దగ్గర ఆపాల్సింది ‘ఏ’ సినిమాకే. 18 ఏళ్లు నిండనివారికి దాన్ని ప్రదర్శించడం చట్టప్రకారం నేరం. నిజంగా ఆపుతున్నారా అంటే, ఆదివారం మ్యాట్నీకి వెళ్లి చూడండి. ‘యూ’ అందరికీ. ‘ఎస్’ అని మరొకటుంది, వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలకు. మన హాళ్లలో అది తగలదు.

నేను ఎడిటింగ్ శాఖలో పనిచేస్తాను. చిన్న సినిమాలకు సెన్సార్ పని కూడా చాలాసార్లు మా నెత్తినే పడుతుంది కాబట్టి రెండో ప్రశ్నకు కాస్త వివరంగా చెబుతాను.

ఆ అంకె వేసేది కేంద్ర సెన్సార్ బోర్డు. దాని ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది. హైదరాబాద్‌తో కలిపి ప్రాంతీయ కార్యాలయాలు తొమ్మిది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కథాసారం, సంభాషణలు, పాటల సాహిత్యం ఇవ్వాలి. సినిమాలో ఎద్దో గుర్రమో కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి పత్రం కూడా జతచేయాలి. ఆ కాగితం కోసం ఆగిపోయిన విడుదలలు పరిశ్రమలో అందరికీ గుర్తే. తర్వాత ఒక అధికారి, నలుగురు సలహా సభ్యులు సినిమా చూస్తారు. వాళ్లలో మహిళలు తప్పనిసరి. మేము బయట కూర్చుంటాం. ఆట ముగిశాక దర్శక నిర్మాతలను లోపలికి పిలుస్తారు.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. సినిమా మొత్తంగా కలిగించే ప్రభావాన్ని, కథాకాలాన్ని, నేటి సామాజిక ప్రమాణాలను చూసి నిర్ణయించాలని 1991 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. అయితే ఆ గదిలో జరిగేది చాలావరకు బేరమే. ‘ఇవి తీసేస్తే యూఏ, ఉంచుతామంటే ఏ’ అంటారు. నేను పనిచేసిన ఒక సినిమాలో గొడ్డలి దెబ్బకు రక్తం గోడ మీద చిందే షాట్ ఉండేది. రక్తం తీసేయమన్నారు, దెబ్బ శబ్దం మాత్రం ఉంచుకోమన్నారు. ఏమీ చూపించకుండా శబ్దం ఒక్కటే వినిపించేసరికి ఆ సన్నివేశం ఇంకా భయంకరంగా తయారైందని ఇప్పటికీ నా అభిప్రాయం. ఒక బూతుమాటను మ్యూట్ చేశాం. పెదవులు కదులుతూనే ఉన్నాయి, హాల్లో పిల్లలతో సహా అందరూ దాన్ని పూరించుకుని నవ్వారు.

నిర్మాతలు ‘ఏ’ అంటే ఎందుకంత బెదురుతారు? కుటుంబాలు రావన్నది ఒక కారణం. అంతకంటే పెద్దది టీవీ. ‘ఏ’ సినిమాను ఉన్నదున్నట్టుగా ఛానెళ్లలో వేయడానికి వీల్లేదు. మళ్లీ కోసి, మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందుకే కళ కోసం ఎంత వాదించినా చివరికి కత్తెరకు ఒప్పుకునేవారే ఎక్కువ. నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి, అంటే సినిమాను మళ్లీ చూసే బోర్డు కమిటీకి వెళ్లవచ్చు. ఆ పైన ఒకప్పుడు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది, 2021లో రద్దుచేశారు. ఇప్పుడు హైకోర్టే దిక్కు. విడుదల తేదీ ప్రకటించేసిన చిన్న నిర్మాతకు కోర్టుకెళ్లే తీరిక ఎక్కడిది?

మీరు అడిగిన అంకెలు కొత్తవి. చట్టాన్ని 2023లో సవరించి, 2024 నిబంధనలతో యూఏను మూడుగా విడదీశారు. అంతకుముందు ఒకే యూఏ, పన్నెండేళ్లలోపు పిల్లలకు పెద్దల మార్గదర్శనం అవసరమని దాని అర్థం. తేలికపాటి కుటుంబ కథకూ, తలలు తెగే సినిమాకూ ఒకే ముద్ర పడేది. ఈ మార్పు నాకు నచ్చింది. ఓటీటీలో కనిపించే ఇలాంటి అంకెలు మాత్రం బోర్డు ఇచ్చినవి కావు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థలే వేసుకుంటాయి.

మీ బాబు విషయానికొస్తే, 13+ ఎందుకొచ్చిందో ముందు కనుక్కోండి. కొట్లాటల వల్లనా, దెయ్యం వల్లనా, ద్వంద్వార్థాల వల్లనా అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. ఎనిమిదేళ్లవాడు ద్వంద్వార్థాన్ని పట్టించుకోడు కానీ దెయ్యాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. వేసవిలో లండన్‌లో మీ అక్కయ్యగారి దగ్గర చూస్తామన్నారు కదా, అక్కడ లెక్క వేరు. ఇక్కడ యూఏ వచ్చిన తెలుగు సినిమాకే అక్కడ ‘15’ పడవచ్చు. అలా పడితే మీరు పక్కనే ఉన్నా బాబును లోపలికి రానివ్వరు. టికెట్లు కొనేముందు అక్కడి అంకె చూసుకోండి.