మావాడు కావాలనే ఇలా అయ్యాడా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా పెద్దబ్బాయికి 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు పెళ్లి మాట ఎత్తితే ఏడ్చేశాడు. తనకు ఆడపిల్లల మీద మనసు పోదనీ, ఊహ తెలిసినప్పటి నుంచీ మగవాళ్ల వైపే పోతుందనీ చెప్పాడు. మా సంఘ పాస్టరు అయ్యగారేమో ఇది వాడు కోరి తెచ్చుకున్న పాపం, మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెడితే విడిచిపోతుంది అంటున్నారు. మా ఆయన, పెళ్లయితే అదే సర్దుకుంటుందని ఒక సంబంధం చూశారు. ఈ నెల 20న పెళ్లిచూపులు. వాడు కావాలనే ఇలా అయ్యాడా? నా పెంపకంలో ఎక్కడైనా తేడా వచ్చిందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. - ఒక తల్లి

జవాబు: ముందు పెళ్లిచూపులు ఆపించండమ్మా. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఇంత తెగేసి చెప్పడానికి కారణముంది. 1991లో మేం పల్నాడులో, కొన్ని సంఘాలు కలిసిన ఒక పాస్టరేట్‌లో ఉండేవాళ్లం. సంఘంలో ఒక కుర్రాడు, బడిపంతులు, చక్కగా పాడేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేను ప్రభు బల్ల గ్లాసులు కడుగుతుంటే, వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మీ అబ్బాయి చెప్పిన మాటే చెప్పాడు. నేను గ్లాసులు తుడుస్తూనే, వాడి మొహం కూడా చూడకుండా, "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయిలే నాయనా" అన్నాను. అనడమే కాదు, సంబంధం కూడా నేనే కుదిర్చాను. మా స్త్రీల సమాజంలో ఒకావిడ కూతురు. బీయే చదివిన పిల్ల, నెమ్మదైన పిల్ల.

రెండున్నరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. శిలువ గుర్తున్న తాళిబొట్టు రుమాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. "మీరే కదా అమ్మగారూ కుదిర్చారు, మీ దగ్గరే ఉంచండి" అంది. లోపం తనలోనే ఉందనుకుని గుంటూరు వెళ్లి రెండుసార్లు డాక్టరుకు చూపించుకుందట. అత్తగారు గొడ్రాలని అంటుంటే పడిందట. అబ్బాయి చెడ్డవాడు కాదు, ఒక్కరోజు కూడా గట్టిగా మాట్లాడలేదట. "తిట్టినా బావుండేది" అంది. ఆ తాళి వాళ్లమ్మకి తిరిగి ఇచ్చి వచ్చింది మా ఆయన. నాకు వెళ్లే ధైర్యం లేకపోయింది. అబ్బాయి ఎక్కడో దూరానికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. రెండు బతుకులూ నా మాట వల్ల పాడయ్యాయి. అయ్యగార్ల మాట కాదు, నాదే.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. "కావాలనే" అన్న మాటలో మనం మూడు సంగతులు కలిపేస్తున్నాం. మనసు ఎటు పోతుందన్నది ఒకటి. మనిషి ఏం చేస్తాడన్నది ఇంకొకటి. బతుకు ఎలా గడుపుకుంటాడన్నది మూడోది. రెండోదీ మూడోదీ మనిషి చేతిలో ఉన్నవే, సంఘాల వాదులాటంతా వాటి గురించే. మొదటిది మాత్రం మీవాడు ఏ కొట్లోనో ఏరి తెచ్చుకున్నది కాదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఈ విషయంలో అందరికంటే గట్టిగా నిలబడేది మన ఆర్.సి.ఎం. వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు. వాళ్ల సభ బోధలన్నీ చెప్పే సత్యోపదేశ గ్రంథం 1992లో వచ్చింది. స్వలింగ సంపర్కం తప్పేనని అందులో ఉంది. అయితే ఈ స్థితి వాళ్లు ఎంచుకున్నది కాదని కూడా మొదటి కూర్పులో రాసుకున్నారు. 1997లో సవరించినప్పుడు ఆ మాట తీసేసి, ఈ మొగ్గే క్రమం తప్పినదన్న అర్థంలో మార్చారు. ఎందుకు మార్చారని వాళ్లలో వాళ్లకి ఇప్పటికీ చర్చే. అయినా ఆ పక్క వాక్యాలు అలాగే ఉన్నాయి: దీని మూలమేమిటో చాలావరకు తేలలేదు, ఇలాంటివాళ్లను గౌరవంతో, కనికరంతో చేర్చుకోవాలి, అన్యాయంగా వివక్ష చూపకూడదు. అంత కట్టుదిట్టమైన సభే "కోరి తెచ్చుకున్నాడు" అనడం లేదు. మరి మనం ఎక్కడ నేర్చుకున్నాం ఆ మాట?

ఉపవాస ప్రార్థన సంగతి. ప్రార్థన వద్దని నా నోటితో అనను, నేను రోజూ చేసేదే. కానీ దీన్ని మందులా వాడి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అని ఒక క్రైస్తవ సంస్థ 1976లో మొదలైంది. స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లను ప్రార్థనతో, కౌన్సెలింగ్‌తో మార్చడమే దాని పని. దాని అధ్యక్షుడు అలన్ చాంబర్స్‌కి కూడా ఆ ఆకర్షణ ఉంది, భార్యాపిల్లలూ ఉన్నారు. తాను కలిసినవాళ్లలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదని 2012లో ఆయనే ఒప్పుకున్నాడు. 2013 జూన్‌లో క్షమాపణ చెప్పి సంస్థనే మూసేశారు. 37 ఏళ్లమ్మా. మీ అయ్యగారు చెప్పిన మూడు శుక్రవారాల కంటే కాస్త ఎక్కువే.

పెంపకం గురించి. తల్లి గారాబం ఎక్కువై, తండ్రి ఎడంగా ఉంటే పిల్లలు ఇలా అవుతారని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు. ఆ నింద ఎన్ని ఇళ్లలో తల్లుల్ని తిననివ్వకుండా చేసిందో! ఇప్పుడు దాన్ని ఎవరూ నమ్మడం లేదు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశాయి. మన దేశపు సైకియాట్రిస్టుల సంఘం కూడా 2018లో ఇది మానసిక జబ్బు కాదని చెప్పింది. మరి ఎందుకొస్తుంది అంటారా? ఒక్క కారణం దొరకలేదు. 2019లో దాదాపు 4 లక్షల 70 వేల మంది జన్యువులు చూశారు. దీనికంటూ ఒక జన్యువు లేదు, తలా కాస్త ప్రభావం చూపేవి చాలా ఉన్నాయి, అవి కూడా మొత్తం కథ చెప్పవు అని తేలింది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడమూ ఉంది. కెనడాలో ఇద్దరు పరిశోధకులు 1996లో ఒక చిత్రమైన సంగతి రాశారు: ఒకే తల్లికి పుట్టిన అన్నలు ఎక్కువమంది ఉన్న మగవాళ్లలో ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తుందట. తనకు ఎంతమంది అన్నలుండాలో ఏ తమ్ముడూ ఎంచుకోడు కదా. మీవాడు పెద్దవాడు కాబట్టి ఇది మీ ఇంటికి వర్తించదనుకోండి, ఊరికే చెప్పాను.

ఇప్పుడు బైబిలు వాక్యం. మీ అయ్యగారు బహుశా రోమా 1:27 చూపించి ఉంటారు. పురుషులు స్వాభావికమైన ధర్మాన్ని "విడిచి" అని ఉంది చూడండి, విడవడం అంటే ఎంచుకోవడమే కదా అంటారు. ఆ వాదన తీసిపారేసేది కాదు. కానీ పౌలు అక్కడ దేవుణ్ణి ఎరిగి ఎరిగి విగ్రహాల వైపు మళ్లినవాళ్ల గురించి మాట్లాడుతున్నాడు. మీ అబ్బాయి విడిచిందేముంది? వాడి దగ్గర మొదటి నుంచీ లేనిదాన్ని విడిచాడని ఎలా అంటాం?

మొదటి కొరింథీ 6:9లో ఇంకో చిక్కు. మన పాత తెలుగు బైబిల్లో "ఆడంగితనము గలవారు", "పురుష సంయోగులు" అని పక్కపక్కనే ఉంటాయి. మొదటిదానికి గ్రీకులో ఉన్న మాటకు "మెత్తని" అని అర్థం. అదే మాట మత్తయి 11:8లో వస్తే మనవాళ్లు "సన్నపు బట్టలు" అని తర్జుమా చేశారు! సండే స్కూల్లో నలభై ఏళ్లు ఈ రెండు వచనాలూ చెప్పాను, రెండిటిలో ఉన్నది ఒకే మాటని రిటైరయ్యాక తెలిసింది. రెండో మాట డబ్బుకు అమ్ముడయ్యే కుర్రాళ్లను వాడుకునేవాళ్ల గురించేనని కొందరు పండితులంటారు. కాదు, లేవీయకాండం 20:13ని దృష్టిలో పెట్టుకుని పౌలు కూర్చిన మాట, అందరికీ వర్తిస్తుంది అని మరికొందరు. నాకు రెండోవాళ్ల మాటే బలంగా అనిపిస్తుంది, దాచడం ఎందుకు. అందుకే దీన్ని పాపం కాదని చెప్పే సంఘాలతో నేను పూర్తిగా కలవలేకపోతున్నాను. కానీ అదంతా చేసే పని గురించి. మనసు ఎందుకు అటు పోతుందో ఈ వచనాల్లో ఎక్కడా లేదు. మత్తయి 19:12లో మాత్రం ప్రభువే, తల్లి గర్భం నుంచే వేరుగా పుట్టినవాళ్లున్నారని అన్నాడు. అక్కడ ఉన్నది నపుంసకుల గురించి, మీవాడి గురించి అని సాగదీయను. అయినా పెళ్లి అందరికీ సరిపడే చొక్కా కాదని ఆయనే చెప్పాడు కదా.

ఇంకొకటి. ఎవరైనా "మారుస్తాం" అంటూ ఆస్పత్రికో సెంటర్‌కో రమ్మంటే వెళ్లకండి. మద్రాసు హైకోర్టు 2021లో అలాంటి చికిత్సల్ని నిషేధించమంది. డాక్టరు చేస్తే అది వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. మీకు నిద్ర పట్టడం లేదన్నారు, ముందు మీరు మాట్లాడండి ఎవరితోనైనా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఆ ఆడపిల్ల తరఫువాళ్లకు ఇవాళే ఫోన్ చేయించండి. కారణం చెప్పక్కర్లేదు, "మావాడికి ఇప్పుడు ఉద్దేశం లేదు" అంటే చాలు. వాడు చెప్పింది ఊళ్లో ఎవరికీ చెప్పకండి, అయ్యగారికి చెప్పినదాన్ని కూడా ప్రార్థన విన్నపంగా చదవొద్దని గట్టిగా అడగండి. మన సంఘాల్లో ప్రార్థన విన్నపం అంటే మైకు పెట్టినట్టే.

ప్రశ్న: పోయిన నెల మీరు ఒక తల్లికి జవాబిస్తూ ఈ విషయాన్ని తేలిగ్గా రాశారు. బైబిల్లో సొదొమ గొమొర్రా పట్టణాలు ఎందుకు కాలిపోయాయో మరిచారా? ఈ అమెరికా రోగాన్ని మన సంఘాలకు అంటిస్తారా? - ఒక సంఘ పెద్ద, ఒంగోలు

జవాబు: మరవలేదండీ. ఆదికాండం 19లో ఆ ఊరి మగవాళ్లు ఇంటికొచ్చిన అతిథుల మీద గుంపుగా పడబోయారు. అది బలాత్కారం, అతిథి స్త్రీ అయినా బలాత్కారమే. ఇక సొదొమ దోషమేమిటో యెహెజ్కేలు 16:49 వివరంగా చెబుతుంది: గర్వం, తిండి సమృద్ధి, సుఖంగా కూర్చుని దీనులకు చెయ్యి అందించకపోవడం. తర్వాతి వచనంలో హేయక్రియలన్న మాట కూడా ఉంది, అదీ చదువుతాను. మరి మనం ఆ 49వ వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం?

అమెరికా రోగం అన్నారు. మన దేశంలో దీన్ని నేరం చేసిన 377వ సెక్షన్ పెట్టింది 1860లో బ్రిటిష్‌వాళ్లు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దలిద్దరి ఇష్టంతో జరిగేదాన్ని ఆ నేరం నుంచి తీసేసింది. ఇక్కడ ఏది దిగుమతి సరుకో మీరే చూడండి. అక్కడి సంఘాలు కూడా ఒక్క మాట మీద లేవు. 1842లో గుంటూరుకు మిషనరీగా ఫాదర్ హయ్యర్‌ని పంపిన అమెరికా లూథరన్ల వారసులు 2009లో ఇలాంటి జంటల్లోంచి కూడా పాస్టర్లు ఉండొచ్చని తీర్మానించారు. యునైటెడ్ మెథడిస్టులు ఇది క్రైస్తవ బోధకు సరిపడదని 1972లో రాసుకున్న కఠిన వాక్యాన్ని 2024లో కొట్టేశారు, ఆలోపే దాదాపు 7,600 స్థానిక సంఘాలు విడిపోయి వెళ్లిపోయాయి. మన గుళ్లో అలాంటి పెళ్లిళ్లు చేయమని నేను రాయలేదు. ఒక తల్లి బిడ్డని ఇంట్లోకి రానివ్వమని రాశాను. అది కూడా ఎక్కువైతే ఏం చెప్పను?

ప్రశ్న: అమ్మగారూ, నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను. డిగ్రీ రెండో సంవత్సరం. నాకూ అలాంటి ఆకర్షణే ఉంది. ఏ తప్పూ చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. పాట మధ్యలో నేను వేషం వేస్తున్నానేమో అనిపించి వేళ్లు ఆగిపోతున్నాయి. వాయించడం మానేయాలా? - పేరు వద్దు

జవాబు: మానొద్దు బాబూ. శోధన వేరు, పాపం వేరు అని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా, హెబ్రీ 4:15 నీకోసం కూడా రాసిందే. కోపం, అసూయ, డబ్బు పిచ్చి ఉన్నవాళ్లందరూ మానేస్తే మా గాయకబృందంలో మైకు స్టాండు ఒక్కటే మిగులుతుంది.

చెప్పుకోవాలనిపిస్తే ఒక్కరికి చెప్పు, అదీ నీ రహస్యం కాపాడగలరని రెండు మూడు చిన్న విషయాల్లో చూసుకున్నాక. వాట్సాప్‌లో రాయకు, నోటితో చెప్పు. ఫోన్‌లో యాపుల ద్వారా పరిచయమైనవాళ్లు ఫొటోలు అడిగి, తర్వాత ఇంట్లో చెబుతామని డబ్బు గుంజుతున్నారని వింటున్నాను. అలా ఎవరైనా బెదిరిస్తే నేరం వాళ్లది, నీది కాదు. పోలీసులకు చెప్పడానికి భయపడకు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆ రాత్రే 14416కి ఫోన్ చెయ్యి, పొద్దున దాకా ఆగకు.

నీ ఉత్తరం చదివి చింపేశాను. చేతిరాత గుర్తుపట్టేవాళ్లు మా ఆఫీసులో కూడా ఉంటారు.