మీడియం దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫోన్‌లో తేలే మాటలు కావు కాబట్టి రాస్తున్నాను. అరవై దాటాక రాత్రుళ్లు చావు గుర్తొచ్చి గుండె దడగా ఉంటోందన్నావు. పోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మే స్పిరిచువలిజం గురించి చదువుతున్నానని, ఆ ఆత్మల మాటలు మనకు చేరవేస్తామనే మీడియం దగ్గరికి వెళ్లనా వద్దా అని అడిగావు. మీ పెదనాన్న పోయాక నన్ను నిలబెట్టింది ఆ నమ్మకమే. అందులో ఏది పట్టుకోవాలో ఏది వదిలేయాలో నాకు తోచింది చెబుతాను.

ముందు దాని పుట్టుక సంగతి విను. 1848 మార్చి 31న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్‌లో, ఫాక్స్ అక్కచెల్లెళ్లు ఒక ఆత్మ తమకు టకటక చప్పుళ్లతో బదులిస్తోందన్నారు. ఉద్యమం అలా రాజుకుంది. 1888లో వాళ్లలో మార్గరెట్ నిండు సభలో, ఆ చప్పుళ్లు తన కాలివేళ్ల కీళ్లతో చేసినవేనని ఒప్పుకుని, చేసి చూపించింది కూడా. మరుసటి ఏడు ఆ మాట వెనక్కి తీసుకుందిలే. రేపు ఎవరో ఎగతాళిగా నీ ముఖాన కొట్టేలోపు నేనే చెబుతున్నాను. చప్పుళ్ల మీద ఆశ పెట్టుకోకు. నేను పట్టుకున్నది వాళ్ల బోధని.

బ్రిటన్ స్పిరిచువలిస్టులకు ఏడు సూత్రాలున్నాయి. వాటిలో నాకు అక్కరకొచ్చినవి మూడు: ఆత్మ ఉనికి చావుతో ఆగదు; ఎవరి బాధ్యత వాళ్లదే; ఎదిగే దారి ఏ ఆత్మకూ మూసుకుపోదు. సమ్మర్‌ల్యాండ్ అని వాళ్లు పిలిచే లోకంలో జబ్బులుండవని, ముసలివాళ్లు మళ్లీ నిండు వయసు రూపానికి వస్తారని నమ్ముతారు. చివర్లో మీ పెదనాన్న చెంచా కూడా పట్టుకోలేకపోయేవారు. పోయాక చాలాకాలం నాకు ఆ వణికే చెయ్యే కళ్లముందు మెదిలేది. ఈ నమ్మకం కుదురుకున్నాక రెండేసి మెట్లు ఒక్కసారే ఎక్కే మనిషి మళ్లీ గుర్తుకు రావడం మొదలెట్టారు. రుజువేదీ అంటే నా దగ్గర లేదు. నా మోకాళ్లు మొరాయించినప్పుడు మాత్రం, అరిగేది ఒళ్లే గాని నేను కాదనుకుంటాను. భయం సగం దిగుతుంది.

ఇక మీడియంల సంగతి. నేను వెళ్లిన సమావేశంలో మీడియం కళ్లు మూసుకుని, "తండ్రిలాంటి మనిషి, గుండె దగ్గర ఏదో ఇబ్బంది" అంది. హాల్లో సగం మంది చేతులెత్తారు. నా పక్కావిడ అడక్కుండానే తండ్రి పేరు చెప్పేసింది. కాసేపటికి మీడియం నోట అదే పేరు వచ్చేసరికి వలవలా ఏడ్చింది. అందరూ మోసగాళ్లని నేననను. కొందరు తమ మాట తామే మనస్ఫూర్తిగా నమ్ముతారు. 1922లో షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డోయల్ భార్య తనే మీడియంగా కూర్చుని, ఇంద్రజాలికుడు హుడినీకి చనిపోయిన ఆయన తల్లి నుంచి వచ్చిన సందేశమంటూ పేజీలకు పేజీలు రాసిచ్చింది. అంతా ఇంగ్లిష్‌లో, మొదట్లోనే సిలువ గుర్తు. ఆ తల్లి యూదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. అవతలివాళ్లది మంచి మనసేనని తెలిసినా హుడినీ దాన్ని నమ్మలేదు.

నీకు అసలు అవసరమైనది ఇంట్లోనే దొరుకుతుంది. సాయంత్రం ఒక పావుగంట ఒక్కదానివే కూర్చుని, పోయినవాళ్లతో పైకే మాట్లాడు. కోపం ఉంటే అదీ చెప్పు. బదులు కోసం చెవులు రిక్కించకు. గాలికి తలుపు కొట్టుకున్నా సంకేతమే అనుకోవడం మొదలైతే టెన్షన్ తగ్గదు, పెరుగుతుంది. "ఎవరి బాధ్యత వాళ్లదే" అన్న సూత్రం ఉంది చూడు, దాన్ని బతికున్నవాళ్ల దగ్గర వాడు. చెల్లెలితో మాటలు ఆగిపోయాయన్నావు కదా, ముందు ఆ ఫోన్ చెయ్యి. వీలునామా రాసిపెట్టు. గుండె దడ సంగతి డాక్టరుకు చెప్పు, దాన్ని చావు భయం ఖాతాలో వేసి ఊరుకోకు.

ఇంతా విన్నాక కూడా మీడియం దగ్గరికి వెళ్లాలనిపిస్తే వెళ్లు, కాదనను. ఎవరు పోయారో, ఎలా పోయారో ముందుగా నోరు జారకు. మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లు. మందులు మానమన్నా, ఆస్తి గురించి సలహా ఇచ్చినా, ఆత్మ ఇంకా ఏదో చెప్పాలంటోంది మళ్లీ డబ్బు కట్టమన్నా అక్కడే లేచి వచ్చెయ్.

పెద్దమ్మ